పాటే వృత్తి కావాలంటే

పాటల రచయితలు కావాలనుకునే యువత ముందుగా అడిగేది అవకాశం ఎవరిస్తారని. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: బాగానే వచ్చిందనిపించిన చరణాన్ని కొట్టేసి మళ్లీ రాసే ఓపిక ఉందా? ఈ వృత్తికి అసలు అర్హత అదే. కెనడా గాయక కవి లెనార్డ్ కోహెన్‌నే చూడండి. 1934లో మాంట్రియాల్‌లో పుట్టిన ఆయన తొలి కవితా సంపుటి 1956లో వచ్చింది. ఆపై నవలలు రాశారు. తొలి ఆల్బమ్ 1967లో, 33 ఏళ్ల వయసులో. ‘హల్లెలూయా’ ఒక్కదాని కోసమే ఏళ్ల తరబడి పదుల కొద్దీ చరణాలు రాసి, నాలుగింటినే రికార్డు చేశారు. 1984లో ఆ పాట ఉన్న ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేయడానికి ఆయన రికార్డు కంపెనీయే ఒప్పుకోలేదు. 1991లో జాన్ కేల్, 1994లో జెఫ్ బక్లీ పాడాకే అది జనంలోకి వెళ్లింది. కేల్ అందులో వాడుకున్నవి చాలావరకు మొదటి రికార్డింగులో లేని చరణాలు! పక్కన పెట్టిన రాత కూడా వృథా పోలేదన్నమాట.

అమెరికా గాయక కవి బాబ్ డిలాన్ తన పాటొకటి పావుగంటలో రాశానని కోహెన్‌తో అన్నారట. మరి అంత తపన దేనికని అడగవచ్చు. అయితే డిలాన్ ఆ మాట అనేనాటికే జానపద గీతాలను కంఠతా పట్టి, రెండు దశాబ్దాలుగా రాస్తూ వస్తున్నారు. వేగం ఆ సాధన ఇచ్చిందే. మన సినిమాల్లో తరచూ ట్యూన్ ముందొస్తుంది, గడువు తక్కువ, అక్కడ కోహెన్ పద్ధతి సాగదన్న అభ్యంతరంలోనూ నిజముంది. అందుకే ఆ శ్రమ అవకాశం రాకముందే చేయాలి. తెలిసిన ట్యూన్ ఒకటి తీసుకుని, ఒకే సందర్భానికి వేర్వేరు పల్లవులు రాయడం, పాడి చూసుకుని నోరు తిరగని మాట తీసేయడం రోజువారీ పని కావాలి. అప్పుడే స్టూడియోలో దర్శకుడు పల్లవి మార్చమంటే చేయి ఆగదు.

ఇన్నేళ్ల సాధనకు తిండి ఎవరు పెడతారన్నదే బరువైన ప్రశ్న. మొదట్లో వేరే ఉద్యోగం ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ఆ తర్వాత ఆదుకోవలసింది హక్కులు. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం, సినిమా హాల్లో ప్రదర్శనకు తప్ప ఇతర వినియోగాలకు వచ్చే రాయల్టీలో, హక్కులు కొన్నవారితో సమాన వాటా రచయితకు దక్కాలి. కొత్తవాళ్లకు బేరమాడే బలం లేదనేవారు గమనించాల్సిందేమంటే, ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వడం చెల్లదు. రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. అయినా లెక్కలు మాత్రం సొంతంగా చూసుకోవాలి. దాచుకున్న సొమ్ము మేనేజర్ చేతిలో కరిగిపోయిందని తెలిశాక, కోహెన్ 2008లో 73 ఏళ్ల వయసులో మళ్లీ కచేరీలకు బయల్దేరాల్సి వచ్చింది. పాట విడుదల కాగానే రచయితగా పేరు సరిగా పడిందో లేదో చూసుకుని, పాటల రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వానికి దరఖాస్తు చేయండి. ఒప్పంద పత్రం నకలు మీ దగ్గరే ఉంచుకోండి.