మళ్లీ ఆశపడుతున్న చెల్లికి

కడుపు పోయిన కొత్తల్లో ఇల్లంతా నీ చుట్టూనే తిరుగుతుంది చెల్లీ. అమ్మ ఊరి నుంచి దిగిపోతుంది. వెల్లుల్లి కారం, మిరియాల చారు, పాత బియ్యం అన్నం అంటూ పథ్యం పెడుతుంది. అత్తయ్య "పోనీలే తల్లీ, మనకి రాసిపెట్టి లేదు" అంటుంది. నెల తిరిగేసరికి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. నువ్వూ ఆఫీసుకో, బడికో, పొలానికో వెళ్లిపోతావు. చూసేవాళ్లకి అది అయిపోయిన కథ. నీకు మాత్రం అసలు గండం అప్పుడే మొదలు, ఎందుకంటే ఇక మళ్లీ ప్రయత్నించాలి. పోయినప్పుడు ఏడవడానికి తోడొచ్చినవాళ్లు, మళ్లీ ఆశపడేటప్పుడు భయానికి తోడు రారు. రాకూడదని కాదు, పాపం ఎవరికీ తట్టదు. ఇవాళ ఆ తోడు గురించే నీతో మాట్లాడాలని కూర్చున్నాను.

ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మూడో నెల వస్తుండగా నాకూ పోయింది. ఆ తర్వాత డేట్ కాస్త వెనకపడితే చాలు, కాళ్లూ చేతులూ ఆడేవి కావు. మందుల షాపులో కిట్ అడగాలన్నా తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసుకునేదాన్ని. ఇంట్లో ఎవరూ లేవకముందే బాత్రూంలో చుక్కలు వేసి, రెండో గీత ఉందో లేదో ట్యూబ్‌లైటు కింద పెట్టి తిప్పి తిప్పి చూసేదాన్ని. గీత రాకపోతే ఏడుపు. వస్తే దడ. వచ్చాక బాత్రూంకి వెళ్లిన ప్రతిసారీ లోబట్టల మీద మరక ఏమైనా ఉందా అని ముందు చూసుకుని, ఆ తర్వాతే ఊపిరి వదిలేదాన్ని. వాంతులు తగ్గితే అందరూ హమ్మయ్య అనుకుంటారు, నేను మాత్రం బెంగపడ్డాను. సంతోషపడితే ఎక్కడ దిష్టి తగులుతుందోనని ఆ సంతోషాన్ని కూడా వాయిదా వేసుకున్నాను.

నీకూ ఇలాగే ఉంటే అది పిరికితనం కాదు. లండన్‌లో, బెల్జియంలోని లూవెన్‌లో వైద్యులు కలిసి తొలి నెలల్లో గర్భం పోయిన మహిళలను గమనించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. తొమ్మిది నెలల తర్వాత కూడా దాదాపు ఆరుగురిలో ఒకరికి ఆ దెబ్బ తాలూకు మానసిక లక్షణాలు తగ్గలేదు. నిద్రలో ఉలిక్కిపడటం, ఆసుపత్రి గుర్తొస్తే వణుకు రావడం, అదే దృశ్యం మళ్లీ మళ్లీ కళ్ల ముందు తిరగడం. పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లకి కూడా ఇలాంటివే వస్తాయి. కాబట్టి "చిన్న విషయానికి ఇంత చేస్తున్నావు" అని ఎవరైనా అంటే, నీకు జరిగింది చిన్న విషయం కాదని ముందు నువ్వు నమ్ము.

ఇంకోటి కూడా గుండెల్లోంచి తీసి పక్కన పెట్టెయ్యి. ఏం తిన్నానో, ఏం ఎత్తానో, ఆ రోజు స్కూటీ ఎందుకెక్కానో అని రాత్రంతా తవ్వుకుంటావు చూడు, అది. మన ఇళ్లల్లో ఈ విచారణ బాగా జరుగుతుంది. బొప్పాయి ముక్క తిన్నావా? నువ్వులుండ తిన్నావా? బిందె ఎత్తావా? తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవవు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతాయి. అలా తొందరగా పోయినవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల్లో తేడా. అది అండం, వీర్యకణం కలిసే దశలోనే జరిగిపోయి ఉంటుంది. నీ స్కూటీకీ దానికీ సంబంధం లేదు. మంచం దిగకుండా పడుకున్నంత మాత్రాన గర్భం నిలుస్తుందనడానికి కూడా పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఒకసారి పోయినవాళ్లలో ఎక్కువమందికి ఆ తర్వాతి గర్భం చక్కగా నిలుస్తుంది. ఈ మాట నేను నీ ఓదార్పు కోసం కల్పించి చెప్పడం లేదు, ఏ డాక్టరమ్మని అడిగినా ఇదే చెబుతుంది.

ఇప్పుడు తోడు సంగతికి వస్తాను. మూడో నెల వెళ్లేదాకా ఎవరికీ చెప్పకూడదని మన పెద్దవాళ్ల మాట. దిష్టి భయంతోనే అనుకో, మంచికే అనుకో. కానీ పోయేవి ఎక్కువగా పోయేది ఆ మూడు నెలల్లోనే కదా. అంటే ఆడది అన్నిటికంటే ఎక్కువగా భయపడే రోజుల్లోనే ఆమె చుట్టూ ఎవరూ ఉండరు. ఎవరికీ చెప్పని కడుపు పోతే ఎవరితోనూ చెప్పుకుని ఏడవలేం. ఊరంతా చాటమని నేననను. ఇద్దరో ముగ్గురో చాలు. కానీ వాళ్లెవరో గీత వచ్చాక కాకుండా ఇప్పుడే, ప్రయత్నం మొదలుపెట్టేటప్పుడే తేల్చుకో. చుట్టరికం చూసి కాదు, నోటి తీరు చూసి ఎంచుకో. నువ్వు ఫోన్ చేస్తే సలహాలు మొదలెట్టే అక్క కంటే, ఊ కొడుతూ వినే పక్కింటి పిన్నిగారు నయం.

మా అత్తయ్య సంగతి చెప్తాను. ఓ మధ్యాహ్నం వంటింట్లో నేల మీద కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. నా కళ్లల్లో నీళ్లు తిరగడం చూసిందో ఏమో, తల ఎత్తకుండానే "మీ ఆయన కంటే ముందు నాకొకటి పోయిందే, ఐదో నెలలో" అంది. ఈనె తీసి పక్కన పడేసి, కాయ విరిచి గిన్నెలో వేసి, "మగపిల్లాడు. నాకు చూపించలేదు. మీ మావయ్యే తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లారు" అంది. అంతకుముందు వరకు ఆమె నాకు "ఇంకోటి పుడుతుందిలే" అని కసిరే అత్తగారే. ఆ రోజు నుంచి నేను బాత్రూం నుంచి ఆలస్యంగా వస్తే తలుపు దగ్గరికి వచ్చి "బానే ఉందా?" అని మెల్లగా అడిగేది. అంతే. అంతకంటే ఇంకేం కావాలి? ఆ తరం ఆడవాళ్లలో చాలామంది కడుపులో ఇలాంటివి దాచుకున్నారు. వాళ్లనెవరూ అడగలేదు కాబట్టి మనల్ని ఎలా అడగాలో వాళ్లకి తెలీదు. నువ్వే ఒకసారి అడిగి చూడు. "అమ్మా, నీకెప్పుడైనా ఇలా అయిందా?" అని.

మీ ఆయన మాటేంటంటావా? ఆ బిడ్డ అతనికీ పోయింది. కాకపోతే అతన్ని అందరూ "ఆమె ఎలా ఉంది?" అని అడుగుతారే తప్ప "నువ్వెలా ఉన్నావు?" అని అడగరు. నువ్వు ఏడుస్తావని అతను నోరెత్తడు, అతను నోరెత్తడం లేదని నువ్వు ఏడుస్తావు. ఈ ముడి ఎవరో ఒకరు విప్పాలి. డాక్టర్ దగ్గరికి బయట కుర్చీలో కూర్చోబెట్టడానికి కాదు, లోపలికే తీసుకెళ్లు. అతని చెవులతో అతను వినాలి. ఇంకో మాట, అక్కని కాబట్టి చెప్తున్నా. రోజులు లెక్కపెట్టుకుని, యాప్‌లో గుర్తులు పెట్టుకుని కలవడం మొదలయ్యాక భార్యాభర్తల మధ్య ముచ్చటంతా హరించుకుపోతుంది. ఓ నెల ఆ లెక్కలన్నీ పక్కన పడేసి ఊరికే ఉండండి. కొంప మునిగిపోదు.

ఎంతకాలం ఆగాలి అన్నది ఇంటింటికీ ఒక పంచాయితీ. ఏడాది ఆగాలని ఒకరు, వెంటనే కానీమని ఇంకొకరు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కనీసం ఆరు నెలలు ఆగమన్నారు. తర్వాత 2010లో స్కాట్లాండ్‌లో ముప్పై వేలకు పైగా మహిళల ఆసుపత్రి రికార్డులు చూస్తే, మొదటి గర్భం పోయాక ఆరు నెలల్లోపే మళ్లీ గర్భం దాల్చినవాళ్లకి ఫలితాలు ఇంకా మెరుగ్గానే ఉన్నాయి. కాబట్టి ఇన్ని నెలలనే గిరి గీసుకోనక్కర్లేదు. రక్తస్రావం ఆగి, ఒకసారి పీరియడ్ వచ్చి, మీ ఇద్దరి మనసూ సరేనంటే చాలామందికి సరిపోతుంది. ఒక పీరియడ్ అయ్యాక అనడం ముఖ్యంగా తేదీల లెక్క తేలడానికి. నెలసరి రాకముందే, రెండు వారాలకే మళ్లీ అండం విడుదల కావచ్చు, కాబట్టి ఇప్పుడే వద్దనుకుంటే జాగ్రత్త పడాలి. పోయినది ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) అయితే మాత్రం డాక్టర్ సరేననేదాకా ఆగి తీరాలి. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం, దుర్వాసన ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లు.

డాక్టరమ్మని ఎంచుకోవడంలో మొహమాటపడకు. క్లినిక్ నిండా జనం, నీ వంతు వచ్చేసరికి రెండు నిమిషాలు, "ఏం కాదమ్మా, మళ్లీ రండి" అనే మాట. నీ ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక లేని చోట మళ్లీ మళ్లీ కూర్చోవడం ఎందుకు? అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లు. ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు గర్భం రాకముందు నుంచే, వీలైతే రెండు మూడు నెల్ల ముందు నుంచే వేసుకోవాలి. షుగరో, ఫిట్స్ మందులో ఉంటే మోతాదు వేరు, అది ఆవిడే చెప్పాలి. థైరాయిడ్, షుగర్ చూశారా? నీది నెగటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని అడిగావా? మేనరికం అయితే ఆ మాట దాచకు. రెండుసార్లు పోయి ఉంటే మాత్రం "ఇంకోసారి చూద్దాం" అంటే ఒప్పుకోకు, పరీక్షలు చేయమని అడుగు. ముందు పోయినవాళ్లకి మళ్లీ గర్భం వచ్చి రక్తం కనబడితే ప్రొజెస్టిరాన్ ఉపయోగపడొచ్చని పరిశోధనలున్నాయి, దాని గురించీ అడుగు. అన్నిటికంటే ముఖ్యంగా, మరక కనబడితే రాత్రిపూట ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో ముందే తెలుసుకుని రాసిపెట్టుకో.

నార్వేలో 1984లో ఒక డాక్టర్ల జంట ఓ ముచ్చటైన విషయం ప్రచురించింది. పదే పదే గర్భం పోయి, కారణం దొరకని మహిళల్లో కొందరికి వారం వారం పరీక్ష, మాట్లాడటం, ధైర్యం చెప్పడం తప్ప ఇంకే మందూ ఇవ్వలేదు. వాళ్లలో నూటికి 86 మందికి గర్భం నిలిచింది. ఆ తోడు దొరకనివాళ్లలో 33 మందికే. చిన్న అధ్యయనమే, కొద్దిమందితో చేసిందే, దీన్ని రుజువని చెప్పలేం. అయినా తర్వాత చాలా దేశాల్లో గర్భం పోయినవాళ్లని తొలి వారాల్లో తరచూ పిలిచి స్కాన్ చేసి, ధైర్యం చెప్పి పంపడం అలవాటైంది. నువ్వూ ఏడో వారం ప్రాంతంలో ఒక స్కాన్ అడగొచ్చు. ఆ గుండె చప్పుడు విన్న రోజు రాత్రి కాస్త నిద్రపడుతుంది.

శ్రీమంతాలకీ బారసాలలకీ వెళ్లాలా వద్దా? వెళ్లాలనిపిస్తే వెళ్లు, లేకపోతే గాజులూ చీరా పంపించు. వదిన ఏమనుకుంటుందో అని కడుపులో దుఃఖం పెట్టుకుని ఫొటోలకి నవ్వనక్కర్లేదు. ఇక ఇది చదువుతున్న పెద్దమ్మలకి, అత్తయ్యలకి ఒక మాట. గాజులు తొడిగించే పళ్లెం ఒక్కొక్కరి ముందుకీ వెళ్తూ, కడుపు పోయిన పిల్ల దగ్గరికి వచ్చేసరికి పక్కకి జరగడం నేను నా కళ్లతో చూశాను. ఆ పిల్ల లేచి నీళ్ల నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయింది. అంత క్రూరమైన ఆచారం ఇంకోటి లేదు. దయచేసి మానేయండి. ఎదురుపడగానే "ఏమైనా విశేషమా?" అనడం కూడా మానేయండి. ఉంటే ఆ పిల్లే చెబుతుంది.

ఉద్యోగం చేస్తుంటే ఇది గుర్తుంచుకో. గర్భం పోయాక ఆరు వారాల జీతంతో కూడిన సెలవు 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం నాటి నుంచే ఉంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అలాగే ఉంచారు. ఆసుపత్రి కాగితం చూపిస్తే చాలు. ఎంతమంది ఆడపిల్లలు జ్వరమని చెప్పి నాలుగు రోజులు సెలవు పెట్టి, ఐదో రోజు వణుకుతూ ఆఫీసుకి వెళ్తున్నారో! ఇంగ్లండ్‌లో ఉండే మన అమ్మాయిలకి ఇంకో సంగతి. 24 వారాల లోపు పోయిన గర్భానికి అక్కడి ప్రభుత్వం 2024 ఫిబ్రవరి నుంచి అడిగినవాళ్లకి ఓ ధ్రువపత్రం ఇస్తోంది. నాకొక బిడ్డ ఉండేది అని చెప్పుకోవడానికి ఒక కాగితం. కొందరికి అది అవసరం.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా ఇంట్లోవాళ్ల కోసం ఆగకు. మానసిక సహాయం కోసం ఉన్న టెలి-మానస్ 14416కి ఫోన్ చెయ్యి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. పేరు చెప్పి పరిచయం చేసుకునే మొహమాటం కూడా ఉండదు.

ఈ ఆదివారంలోపు ఒక పని చెయ్యి చెల్లీ. నీ మనసుకి దగ్గరైన ఒక్క మనిషికి ఫోన్ చేసి, "మేం మళ్లీ ప్రయత్నిస్తున్నాం, నాకు భయంగా ఉంది, నువ్వేం చెప్పనక్కర్లేదు, అప్పుడప్పుడూ ఫోన్ చెయ్యి చాలు" అను.