పాత సెల్‌లో సత్తువ ఎంత?

పిల్లలూ! అంచుదాకా నిండిన రెండు చెరువులున్నాయి. ఒకదాన్లో పూడిక లేదు, రెండోది సగానికి పూడిపోయింది. నీటిమట్టం ఒకటే. మరి పొలానికి పారే నీరు ఒకటేనా? నల్లగొండ, పాలమూరు పిల్లలకు ఇది వేరే చెప్పాలా!

లాప్‌టాప్‌లో వాడే లిథియం సెల్ కూడా అంతే. వోల్టేజి నీటిమట్టం వంటిది, కెపాసిటీ నీటి పరిమాణం వంటిది. నిండా చార్జి చేస్తే కొత్త సెల్లూ, అరిగిన సెల్లూ 4.2 వోల్టులే చూపవచ్చు. వాడేకొద్దీ గ్రాఫైటు మీద ఏర్పడే పొరలో కొంత లిథియం చిక్కుకుపోతుంది. అదే పూడిక!

కాబట్టి తూము తెరిచి కొలవాలి. సెల్‌ను సరైన చార్జరుతో 4.2 వోల్టులకు నింపి, కాసేపు ఆగి, 0.5 ఆంపియరు కరెంటును నిలకడగా తీస్తారు. 3 వోల్టులకు దిగగానే ఆపుతారు. 4 గంటలు పట్టిందనుకోండి. 0.5 × 4 = 2 ఆంపియర్-గంటలు. సెల్‌పై 2.5 అని ఉంటే, మిగిలింది సుమారు 80 శాతం. సోలారు దీపానికి అది చాలు.

జాగ్రత్త! ఉబ్బిన, కారిన, నొక్కుపడిన సెల్‌ను పరీక్షించనే కూడదు, మంటలు లేస్తాయి. బ్యాటరీని మీరు విప్పకండి. ఈ ప్రయోగం మాస్టారు చేస్తుంటే చూడండి. పనికిరాని సెల్లు చెత్తకుప్పకు కాదు, ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి చేరాలి.

మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల పరిశ్రమకు 2023లో శంకుస్థాపన జరిగింది. కర్మాగారాల్లో కొత్త సెల్లనూ ఇలాగే కొలిచి వేరుచేస్తారు.

ఇప్పుడు చెప్పండి: అదే సెల్ రెండున్నర గంటల్లోనే దిగిపోతే, మిగిలిన సత్తువ ఎంత శాతం?