నెలలు నిండకముందే నొప్పులా? బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే ఇంజెక్షన్ గురించి తెలుసుకోండి

(జననీ శిశు సురక్షా కార్యక్రమం – గర్భిణులు, వారి కుటుంబ సభ్యుల కోసం)

“ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు” అని పెద్దవాళ్లు అంటుంటారు. ఇది నిజం కాదమ్మా. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డ ఊపిరితిత్తులకు బలమే.

ఊపిరితిత్తులు ఎలా తయారవుతాయి?
కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరు ఉంటుంది. పుట్టగానే అక్కడికి గాలి చేరాలి. తడిసిన పాలిథిన్ కవరు అతుక్కుపోయినట్టు ఆ గాలి గదులు అతుక్కుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పదార్థం కాపాడుతుంది. ఇది ఆరో నెల నుంచి కొద్దికొద్దిగా తయారై, సుమారు 35 వారాలకు చాలినంత అవుతుంది. చివరి వారాల్లో బిడ్డ ఒంట్లో పెరిగే కార్టిసోల్ అనే హార్మోనే ఈ పనిని వేగం చేస్తుంది. ముందే పుట్టే బిడ్డకు ఆ టైము దొరకదు. అందుకే ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంది.

ఇంజెక్షన్ ఏం చేస్తుంది?
డెక్సామెథాసోన్ కూడా అలాంటి హార్మోను మందే. తల్లికి ఇస్తే మాయ ద్వారా బిడ్డకు చేరి ఊపిరితిత్తులను త్వరగా సిద్ధం చేస్తుంది. 12 గంటలకు ఒకటి చొప్పున 4 డోసులు ఇస్తారు. మొదటి డోసు పడిన 24 గంటల తర్వాత కాన్పు అయితే మేలు ఎక్కువ. అందుకే ప్రతి గంటా విలువైనదే.

ఎవరికి ఇస్తారు?
24 నుంచి 34 వారాల మధ్య, అంటే ఆరో నెల నుంచి ఎనిమిది నెలలు నిండేలోపు, కాన్పు అయ్యేలా ఉన్నవారికి డాక్టరు చూసి ఇస్తారు. అందరికీ అవసరం లేదు. సొంతంగా వేయించుకోకూడదు. షుగర్ ఉన్నా, జ్వరం ఉన్నా ముందే చెప్పండి.

ఈ లక్షణాలు ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు
• పొట్ట మాటిమాటికీ గట్టిపడటం
• నడుము నొప్పి వచ్చి పోతూ ఉండటం
• ఉమ్మనీరు కారడం
• రక్తం కనిపించడం

వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆశా, ఏఎన్‌ఎంలకు చెప్పండి.

ఖర్చు ఎంత?
ప్రభుత్వ ఆసుపత్రిలో ఏమీ లేదు. 2011లో మొదలైన ఈ కార్యక్రమం కింద మందులు, పరీక్షలు, కాన్పు, ఆపరేషన్, రక్తం, భోజనం, రానుపోను వాహనం ఉచితం. పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే ఆ వాహనమూ ఉచితమే. నెల తక్కువ బిడ్డకు నవజాత శిశు విభాగంలో వైద్యం కూడా ఉచితమే.

ఒక్క మాట గుర్తుంచుకోండి
పుట్టింటికి వెళ్లినా, ఎక్కడికి వెళ్లినా మాతా శిశు సంరక్షణ కార్డు వెంట ఉంచుకోండి. ఎన్నో వారమో తెలిస్తేనే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది త్వరగా తేలుతుంది. ఆఖరి నెలసరి తేదీ కార్డులో రాసి ఉందో లేదో ఈరోజే చూసుకోండి.