ఆపదలో అక్కరకు వచ్చే సామగ్రి – ఇంట్లో ఎక్కడ ఉంచాలి?

రాత్రి రెండు గంటలైంది. కరెంటు పోయింది. ఇంటాయన నైట్ షిఫ్టులో ఉన్నాడు. చిన్నవాడికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు తెచ్చి పెట్టిన సంగతి తల్లికి గుర్తుంది. కానీ అది బీరువాలో ఉందా, సజ్జ మీద ఉందా? టార్చిలైటు ఎక్కడుంది? అందులో సెల్లు ఉన్నాయా?

చాలా ఇళ్లలో వస్తువులు ఉంటాయి. అవసరమైన నిమిషంలో అవి చేతికి అందవు. అందుకే ఈ పాఠంలో ఏమేమి కొనాలన్న దానికంటే, కొన్నవి ఎక్కడ ఉంచాలన్న దాని గురించి ఎక్కువగా తెలుసుకుందాం.

మనకు ఎలాంటి ఆపదలు రావచ్చు?

బీరంగూడ, రామచంద్రాపురం, పటాన్‌చెరు ప్రాంతంలో ఒకవైపు చెరువులు, మరోవైపు ఫ్యాక్టరీలు ఉన్నాయి. కాబట్టి మూడు రకాల ఆపదలను దృష్టిలో పెట్టుకోవాలి.

మొదటిది, వెంటనే ఇల్లు వదలవలసి రావడం. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నంలో ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు. దగ్గరి ఊళ్లవాళ్లు నిద్రలో నుంచి లేచి పరుగెత్తారు. అలాంటి వేళ బీరువా తాళం వెతికే సమయం ఎవరికీ ఉండదు.

రెండవది, నీరు ఇంట్లోకి రావడం. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు హైదరాబాదులో ఎన్నో కాలనీలు మునిగాయి. నీరు వచ్చినప్పుడు నేల మీద, మంచం కింద, సెల్లార్‌లో ఉన్నవే ముందు పాడవుతాయి.

మూడవది, ఇంట్లోనే ఉండి కొన్ని రోజులు గడపవలసి రావడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తర్వాత విశాఖలో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే బోరు మోటారు నడవదు, ట్యాంకులోకి నీరు ఎక్కదు.

రెండు చోట్లు ఎంచుకోండి

ఒకే చోటు ఈ మూడింటికీ సరిపోదు. అందుకని సామగ్రిని రెండుగా విడదీయండి.

1. చేతిసంచి: పట్టుకుని బయటకు పరుగెత్తడానికి. భుజానికి తగిలించుకునే పాత స్కూలు బ్యాగు చాలు.

2. ఇంటి నిల్వ: ఇంట్లో ఉండి మూడు రోజులు గడపడానికి. నీటి డబ్బా, అటుకులు, పుట్నాలు, బిస్కెట్లు, కొవ్వొత్తులు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు కనీసం 3 లీటర్ల చొప్పున నీరు లెక్క వేసుకోండి.

చేతిసంచి ఎక్కడ ఉంచాలి?

బయటి తలుపు దగ్గర, గోడకు ఒక గట్టి మేకు లేదా కొక్కెం కొట్టి తగిలించండి. ఎత్తు పెద్దవాళ్ల భుజం వరకు ఉండాలి. అప్పుడు కొద్దిపాటి నీరు వచ్చినా తడవదు, చిన్నపిల్లల చేతికి మందులు దొరకవు, నాయనమ్మ కూడా స్టూలు ఎక్కకుండా తీసుకోగలదు. దానికి తాళం వేయకండి. దాని మీద బట్టలు, గొడుగులు తగిలించకండి.

ఒకే గది పోర్షన్‌లో ఉండేవారికి గ్యాస్ స్టవ్ కూడా తలుపు పక్కనే ఉంటుంది. అలాంటప్పుడు సంచి తలుపుకు రెండవ వైపున ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. గ్యాస్ వాసన వస్తే స్విచ్చి వేయకండి, తీయకండి. సంచిలోని టార్చి కూడా బయటకు వచ్చిన తర్వాతే వెలిగించండి. ఆ తర్వాత 1906కు ఫోను చేయండి.

సంచిలో ఏముండాలి? టార్చి, విడిగా కవరులో సెల్లు (లోపలే ఉంచితే అవి కారి టార్చి పాడవుతుంది), రెండు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, కట్టు కట్టే గుడ్డ, దూది, రోజూ వాడే బి.పి., షుగరు మాత్రలు మూడు రోజులకు సరిపడా, నీటి సీసా, కొంత చిల్లర డబ్బు.

కాగితాలను మరచిపోకండి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పదార్థాల కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అనేకమందిని డి.ఎన్.ఎ. పరీక్షలతో గుర్తించవలసి వచ్చింది. అలాంటి రోజున ఇంట్లో ఉన్నవారే ఆస్పత్రికి పరుగెత్తాలి, అడిగినవాళ్లకు వివరాలు చెప్పాలి. అందుకే ఆధార్, ఇ.ఎస్.ఐ. కార్డు, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డుల జిరాక్సులు, రక్తం గ్రూపు, ముఖ్యమైన ఫోను నంబర్లు రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో ఉంచండి. సెల్‌ఫోను ఛార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు.

ఇంటి నిల్వ ఎక్కడ ఉంచాలి?

చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే చోటు మంచిది. లోపలి గదిలో, ఎండ పడని గోడ వైపు, నడుము ఎత్తు అరలో పెట్టండి. నీటి డబ్బాలు బరువైనవి కాబట్టి కింద పీట మీద ఉంచవచ్చు. మూతలు మాత్రం బిగుతుగా ఉండాలి.

ఈ చోట్లలో ఉంచకండి

• రేకుల ఇంట్లో సజ్జ మీద: మే నెలలో రేకుల కిందే అన్నిటికంటే ఎక్కువ వేడి. మందుల శక్తి తగ్గుతుంది.

• బాత్‌రూములో: తేమకు మాత్రలు మెత్తబడతాయి.

• పొయ్యి పైన, ఫ్రిజ్ మీద: రెండు చోట్లా వేడి తగులుతుంది.

• సెల్లార్‌లో, మంచం కింద: ముందుగా తడిసేవి ఇవే.

ఇన్సులిన్ వాడేవారు కొత్త సీసాలను ఫ్రిజ్‌లోనే ఉంచాలి. గడ్డకట్టే అరలో పెట్టకూడదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచండి, దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఫ్రిజ్ లేనివారు సీసాను కవరులో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచి, ఎన్నాళ్లు వాడవచ్చో డాక్టరుగారిని అడగండి.

బ్లీచింగ్ పౌడరు, కిరోసిన్, ఎలుకల మందు, బాత్‌రూము కడిగే యాసిడ్ ఆహారంతో, మందులతో కలిపి పెట్టవద్దు. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు వస్తుంది. కాబట్టి ఆ రెండింటినీ కూడా వేర్వేరు చోట్ల, పిల్లలకు అందకుండా ఉంచండి.

ఒక్క నిమిషం పరీక్ష

ఈ ఆదివారం రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆర్పండి. ఒక్కొక్కరినీ వెళ్లి సంచి తెమ్మనండి. నిమిషంలోపు తేగలిగితే మీరు ఎంచుకున్న చోటు సరైనదే. ఎవరైనా తడబడితే తప్పు వారిది కాదు, చోటు మార్చండి. ఇంటాయన లేకుండా ఒకసారి, ఇల్లాలు లేకుండా ఒకసారి పరీక్షించండి. ఎందుకంటే షిఫ్టుల ఇళ్లలో ఆపద వచ్చిన వేళకు ఎవరుంటారో చెప్పలేం.

అద్దె ఇల్లు మారినప్పుడు సామాను దించిన రోజే సంచికి చోటు చూడండి. వానలు మొదలయ్యే జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి మందుల తేదీలు చూసి, గడువు దాటినవి తీసివేయండి.

గుర్తుంచుకోండి: అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101, ఏ అత్యవసరానికైనా 112. ఫ్యాక్టరీ వాయువు లీకైతే తలుపులు మూసి లోపల ఉండాలా, బయటకు వెళ్లాలా అన్నది అధికారులు చెప్పినట్టు చేయండి. వెళ్లమంటే గాలి వీచే దిశకు అడ్డంగా నడవండి, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోండి.

మీరే జవాబు చెప్పండి

1. మీ ఇంట్లో చీకట్లో టార్చి ఎవరెవరికి దొరుకుతుంది?

2. మోకాలి ఎత్తు నీరు వస్తే మీ మందులు తడుస్తాయా?

3. మీ పక్క పోర్షన్‌లో ఒంటరిగా ఉండే ముసలివారి సంచి ఎక్కడుందో మీకు తెలుసా? తెలియకపోతే, రేపు వెళ్లి మేకు మీరే కొట్టి రండి.