ఉపన్యాసము ముగిసిన పిమ్మట

తామరైపాక్కం వద్ద కొసస్థలై నదికి ఆనకట్ట గలదు. అచ్చట మళ్లించిన నీరు కాలువ ద్వారా షోళవరము చెరువునకు చేరును. ఆనకట్ట యుండి కాలువ లేనిచో చెరువు నిండదు. ఉపన్యాసము సంగతియు నట్టిదే. వక్త మాట శ్రోత మనస్సున నిలుచుటకు కాలువ వంటిది ప్రశ్న.

ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రమున స్వాధ్యాయమునకు ఐదు అంగములు చెప్పబడినవి: వాచన, పృచ్ఛన, అనుప్రేక్ష, ఆమ్నాయము, ధర్మోపదేశము. అనగా చదువుట, అడుగుట, మననము చేయుట, వల్లించుట, బోధించుట. అడుగుట రెండవది, బోధించుట కడపటిది. ఈ క్రమము గమనింపదగినది.

శ్వేతాంబర ఆగమమైన భగవతీ సూత్రమున జయంతి వృత్తాంతము గలదు. కౌశాంబిలో మహావీరస్వామి ఉపదేశము ముగిసెను. సభ వెడలిపోయెను. జయంతి యను శ్రావిక మాత్రము నిలిచి, జీవులకు నిద్ర మేలా, మెలకువ మేలా యని యడిగెను. స్వామి ఒక్క మాటతో తేల్చలేదు. అధర్మపరులు నిద్రించుటయే మేలు, ఏలన ఇతర ప్రాణులకు వారి బాధ తప్పును. ధర్మపరులు మేల్కొని యుండుట మేలు అని విడదీసి చెప్పెను. ఆమె ఇంకను పెక్కు ప్రశ్నలు వేసి, తుదకు దీక్ష గైకొనెను.

1893లో చికాగో సర్వమత మహాసభయందు వీర్‌చంద్ రాఘవ్‌జీ గాంధీ జైన ధర్మమును గూర్చి ప్రసంగించెను. సభ ముగియగానే ఆయన స్వదేశమునకు మరలలేదు. అమెరికాలోనే నిలిచి, పలు పట్టణములలో ఉపన్యసించుచు జిజ్ఞాసువులకు పాఠములు చెప్పెను. తరువాత 1896-97లో మన దేశమున కరవు వచ్చినపుడు, అచ్చటి ప్రజల నుండి ధాన్యమును ధనమును పంపించుటకు ఆయన పూనుకొనెను.

నేడు పర్యూషణ దినములలో ప్రవచనము ముగియగానే దుకాణము తెరచు తొందర పెద్దలది. ప్రవచనము హిందీలోనో గుజరాతీలోనో సాగినచో, తెలుగే ఎరిగిన పిల్లవాడు సందేహమును మనస్సునందే యుంచుకొని ఇల్లు చేరును. కొన్నేండ్లకు వాడు ప్రవచనమునకే రాడు. కావున వక్త పావుగంట నిలువవలెను. సారాంశమును తెలుగున చెప్పించవలెను. తొలి ప్రశ్న పిల్లలకు విడువవలెను. సమాధానము తోచనిచో తోచలేదని యొప్పుకొని, ప్రశ్నను వ్రాసికొని, మరునాడు విచారించి చెప్పవలెను.

ఏనాటి చిట్టా ఆనాడే సరిచూచుట వర్తకుని అలవాటు. సందేహమును తీర్చుటయందును ఆ అలవాటే పాటింపవలెను.