బండి మునిగిందా? సెల్ఫ్ కొట్టకండి

ప్రశ్న: 2025 ఆగస్టు 27, వినాయక చవితి నాడు కామారెడ్డిలో వచ్చిన వరదకు మా పెట్రోలు కారు బానెట్ దాకా మునిగింది. నీళ్లు తగ్గినంక సెల్ఫ్ కొట్టబోతే పక్కింటాయన వద్దన్నడు. కొడితే ఏమయ్యేది సార్?
– ఒక పాఠకుడు, జీఆర్ కాలనీ, కామారెడ్డి

జవాబు: పక్కింటాయన మీ ఇంజన్‌ను కాపాడారు. ఎలాగంటే, ఇంజన్ సిలిండర్‌లో పిస్టన్ కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ పీల్చుకుంటుంది. పైకి లేస్తూ వాటిని దాదాపు పదో వంతు జాగాలోకి నొక్కుతుంది. ప్లగ్ నిప్పురవ్వ వేయగానే మంట పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మళ్లీ లేస్తూ పొగను సైలెన్సర్ దారి పట్టిస్తుంది. గాలి నొక్కితే అణుగుతుంది, నీళ్లు అణగవు. ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్‌లోకి నీళ్లు చేరితే పైకి లేచే పిస్టన్ మధ్యలోనే ఆగుతుంది. కింద క్రాంక్ మాత్రం తోస్తూనే ఉంటుంది. ఆ రెంటి నడుమ చిక్కి కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. వరదలో నడుస్తున్న బండిలోకి నీళ్లు పోతే రాడ్ విరిగి ఇంజన్ బ్లాకునే పొడవొచ్చు. డీజిల్ బండ్లలో గాలిని ఇంకా ఎక్కువగా నొక్కుతారు గనుక ఆ బండ్లవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేసి, బండిని షెడ్డుకు లాగించండి. మెకానిక్ ప్లగ్గులు విప్పి, ఇంజన్ తిప్పి నీళ్లు బయటికి కొట్టిస్తాడు. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో కనిపిస్తే అందులోకీ నీళ్లు చేరినట్టే. అలాంటి ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలవదు, లోహం లోహాన్ని రాస్తుంది. ఆయిల్, ఫిల్టర్లు మార్చాకే స్టార్ట్ చేయాలి.

మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజన్ పాడైతే మామూలు బీమాలో డబ్బు రావడం కష్టం. చాలామందికి ఇది నష్టం జరిగాకే తెలుస్తుంది, అదే నా బాధ. అందుకు విడిగా తీసుకునే ఇంజన్ ప్రొటెక్ట్ కవరు మీ బీమాలో ఉందో లేదో వానలకు ముందే చూసుకోండి.

ప్రశ్న: ఎండకాలం కామారెడ్డి పోయొచ్చేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేస్తున్నది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్న. తప్పా?
– ఒక పాఠకురాలు, ఎల్లారెడ్డి

జవాబు: దారిలో వేరే గతి లేనప్పుడు పోయొచ్చు గానీ అలవాటు చేయొద్దమ్మా. కూలెంట్ సుమారు 80–90 డిగ్రీలకు వేడెక్కగానే థర్మోస్టాట్ తెరుచుకొని దాన్ని రేడియేటర్‌కు వదులుతుంది. అక్కడి సన్నని గొట్టాల్లో బోరు నీళ్ల సున్నం గట్టిపడితే చల్లబడే దారే మూసుకుపోతుంది. నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయో ముందు చూపించండి. ఎక్కడా కారకుండానే తగ్గుతూ, వేడెక్కాక కూడా సైలెన్సర్ తెల్లపొగ వదులుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇంజన్ వేడి మీద ఉండగా మాత్రం మూత విప్పకండి, సలసల కాగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.