పక్కింటికి ర్యాంకు వచ్చిన రోజు

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్ళల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "వాళ్ళ అమ్మాయికి తొమ్మిది వందల ఎనభై వచ్చాయట." అనేవాళ్ళకి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. అన్నం వడ్డిస్తూ యథాలాపంగా అంటారు. కానీ కంచం ముందు కూర్చున్న పిల్ల చెయ్యి పెరుగన్నంలో అలాగే ఆగిపోతుంది. ఆ అంకె ఎవరికోసం చెప్పారో తనకి తెలుసు. "దానికేం, వాళ్ళ నాన్న లెక్చరరు, ఇంట్లోనే చెప్తాడు" అని విసురుగా ఓ మాట అంటుంది. లేదంటే "నాకు లెక్కలు రావు, నన్నొదిలెయ్యండి" అని లేచి గదిలోకి వెళ్ళిపోతుంది. మొదటి మాట వింటే అసూయ అంటాం, రెండోది వింటే ధైర్యం లేదంటాం. నాకు మాత్రం రెండూ ఒకే నొప్పిలా కనిపిస్తాయి. "నేను వాళ్ళకన్నా తక్కువేమో" అన్న భయమే ఒకసారి అవతలి వాళ్ళ మీదికి, ఒకసారి తన మీదికి తిరుగుతోంది.

అప్పుడు మనం ఏం చేయాలి? "ఒకళ్ళని చూసి ఏడవకూడదు, పాపం" అని కసురుకోవడం తేలిక. కానీ మన పెద్దలు మాత్సర్యాన్ని అరిషడ్వర్గాల్లో చేర్చి, అది మనిషన్న ప్రతివాడి లోపలా ఉండే శత్రువు అన్నారు. చెడ్డ పిల్లలకు మాత్రమే వచ్చే జబ్బు అనలేదు. కాబట్టి అది తలెత్తినందుకు పిల్లల్ని సిగ్గుపడేలా చేయనక్కర్లేదు. సిగ్గుపడితే దాచుకుంటారు, దాచుకుంటే ముదురుతుంది.

భాగవతం నాలుగో స్కంధంలోని ధ్రువుడి కథ మనందరికీ తెలిసిందే. పోతనగారి పుణ్యమా అని తెలుగిళ్ళల్లో చిన్నప్పుడే వింటాం. అయితే అడవి, తపస్సు, విష్ణువు ప్రత్యక్షం కావడం, ధ్రువనక్షత్రం, వీటి తొందరలో తల్లి సునీతి దగ్గర మనం ఆగం. తల్లిదండ్రులకు కావలసిందంతా అక్కడే ఉంది.

అయిదేళ్ళ పిల్లవాడు. తండ్రి ఉత్తానపాదుడి ఒళ్ళో తమ్ముడు ఉత్తముడు కూర్చున్నాడు. తనూ ఎక్కబోయాడు. సవతితల్లి సురుచి అడ్డుపడి, ఆ చోటు కావాలంటే నా కడుపున పుట్టి ఉండాల్సింది అంది. తండ్రి నోరు విప్పలేదు. పెదవులు అదురుతుండగా పిల్లవాడు తల్లి దగ్గరికి పరుగెత్తాడు. సునీతి ముందు వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. జరిగింది విని తనూ ఏడ్చింది. "ఇంతమాత్రానికే ఏడుస్తావా" అనలేదు. ఆ తర్వాత ఆమె చెప్పిన మొదటి బుద్ధి, ఎవరికీ చెడు తలపెట్టకు అని. సురుచిని తిట్టిపోసి కొడుకుని ఊరడించడం ఆ క్షణంలో ఎంత సులువో! ఆ పని చేయలేదు. పైగా, తమ్ముడికున్న ఆసనం నీకూ కావాలనిపిస్తే శ్రీహరిని సేవించు అని దారి చూపింది. ఆశ తగ్గించుకో అనలేదు, అవతలివాడి చోటు లాక్కో అనలేదు. కొడుకు కోరికని కొడుకు ప్రయత్నం వైపు తిప్పింది. తన దురదృష్టాన్ని తలచుకుని తనను తాను నిందించుకుంది కానీ, కొడుకుని ఒక్క మాట తక్కువ చేయలేదు.

ఆ పెంపకం ఏం చేసిందో కథ చివర్లో తెలుస్తుంది. విష్ణుదర్శనం అయ్యాక ధ్రువుడు సంతోషించడం మాని, పంతం కొద్దీ చిన్న కోరిక కోరానే అని బాధపడ్డాడు. ఇంటికి వచ్చి సురుచికీ నమస్కరించాడు. ఆమె కళ్ళనీళ్ళతో లేవదీసి కౌగిలించుకుంది. ఏళ్ళు గడిచాక, ఒకప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చున్న ఆ ఉత్తముణ్ణి వేటకు వెళ్ళినప్పుడు ఒక యక్షుడు చంపేస్తే, అలకాపురి మీదికి ఒంటరిగా దండెత్తింది ధ్రువుడే. కోపం హద్దు దాటుతుంటే తాత స్వాయంభువ మనువు వచ్చి ఆపవలసి వచ్చింది. తమ్ముణ్ణి చూసి కుమిలిన పిల్లవాడే తమ్ముడి కోసం అంత దూరం వెళ్ళాడు.

భారతంలో ఇంకో పెద్దాయన ఉన్నాడు. రాజసూయంలో ధర్మరాజు వైభవం చూసి వచ్చిన దుర్యోధనుడు పాలిపోయి, చిక్కిపోయి తండ్రి ముందు నిలబడ్డాడు. ధృతరాష్ట్రుడు మంచిమాటే చెప్పాడు. నీకు లోటేమిటి, పాండవులతో ద్వేషం వద్దు అన్నాడు. ఇవ్వాళ మనం చెప్పే మాటలకంటే బాగానే చెప్పాడు. కానీ చివరికి ద్యూతసభ కట్టించిందీ ఆయనే, విదురుణ్ణి పంపి పాండవులను పిలిపించిందీ ఆయనే. జూదంలో ద్రౌపదిని ఒడ్డినప్పుడు సంతోషం ఆపుకోలేక "గెలిచామా, గెలిచామా" అని పదే పదే అడిగాడని సభాపర్వం చెబుతుంది. కొడుక్కి చెప్పిన నీతి ఒకటి, ముఖంలో కనిపించింది మరొకటి. పిల్లలు మన మాటలకంటే మన ముఖాన్నే ముందు చదువుతారు. పొద్దున పేపర్లో కాలేజీల ప్రకటనల్లోని ర్యాంకర్ల ఫొటోలు చూసి మనం విడిచే నిట్టూర్పు, "పోలికలు పెట్టుకోకూడదు నాన్నా" అని సాయంత్రం చెప్పే హితబోధని తుడిచేస్తుంది.

అందుకే మొదటి సాధన మనకే. బంధువుల పిల్లలకు మంచి మార్కులొస్తే ఆ రోజే ఫోన్ చేసి మనస్ఫూర్తిగా అభినందించండి, మీ పిల్లలు వింటుండగా. వాళ్ళనీ మాట్లాడమని బలవంతం చేయొద్దు. సుఖంగా ఉన్నవాళ్ళ పట్ల మైత్రి, పుణ్యం చేసినవాళ్ళ పట్ల సంతోషం అలవరచుకుంటే చిత్తం నిర్మలమవుతుందని పతంజలి యోగసూత్రాల్లో చెప్పాడు. చెబితే వచ్చే గుణం కాదది, రోజూ చేయగా చేయగా పట్టుబడేది. సాయంత్రం దీపం దగ్గర దణ్ణం పెట్టుకునేటప్పుడు, రేపు పరీక్ష రాయబోయే స్నేహితురాలి పేరు కూడా తలచుకోమనండి. మొదట్లో పెదవులతోనే అంటారు. ఫరవాలేదు.

"నా వల్ల కాదు" అనే పిల్లలకు కిష్కింధకాండ చివర్లో ఒక గురువున్నాడు. సముద్రం ఒడ్డున వానరవీరులు తాము ఎంత దూరం దూకగలమో వరుసగా చెప్పుకున్నారు. గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు, ముసలి జాంబవంతుడు తొంభై అన్నాడు. పది అన్నవాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. నాకు ఆ సభలో అన్నిటికన్నా నచ్చిన విషయం అదే. హనుమంతుడు మాత్రం ఓ పక్కన మౌనంగా కూర్చున్నాడు. జాంబవంతుడు అతని దగ్గరికి వెళ్ళి, ఊరికే "నువ్వు గొప్పవాడివి" అని వదిలేయలేదు. అతని పుట్టుక, పసితనంలో సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగరడం, దేవతలిచ్చిన వరాలు, జరిగినవన్నీ ఓపికగా గుర్తుచేశాడు. మీరూ అలాగే చేయండి. "నువ్వు సూపర్ రా" అంటే పిల్లలు నమ్మరు. "ఆరో తరగతిలో భిన్నాలు రాక ఏడ్చావు, వేసవి సెలవుల్లో కూర్చుని నేర్చుకున్నావు, గుర్తుందా?" అంటే కాదనలేరు, అది వాళ్ళ సొంత చరిత్ర కాబట్టి. ఎవరి ధర్మం వారికి శ్రేయస్కరమని గీత చెప్పింది కూడా వాళ్ళకి అప్పుడే అర్థమవుతుంది. చిత్రలేఖనం బాగా వచ్చిన అమ్మాయిని పక్కింటి ఎంపీసీ కొలతతో కొలవకండి.

ఒక హెచ్చరిక. పిల్లలు తిండీ నిద్రా మానేసి వారాల తరబడి ముభావంగా ఉంటే, చావు మాట ఎత్తితే, కథలతో కాలయాపన చేయొద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. దేవుడి మీద నమ్మకానికి వైద్యం ఎన్నడూ అడ్డు కాదు.

ఈసారి ఫలితాలు వచ్చిన రాత్రి ఇతరుల మార్కుల ఊసు భోజనాల దగ్గర ఎత్తకండి. వాట్సాప్ గ్రూపు మర్నాటి దాకా ఆగుతుంది. ముందు మీ పిల్ల పక్కన కూర్చోండి, ఏడిస్తే ఏడవనివ్వండి.